పుదీనా, కరివేపాకు చిగుళ్ళు తెల్లబోతున్నాయి – సూక్ష్మపోషకాలు కొడితే వాసన కూడా పెరుగుతుందా?

బోరునీళ్ళు:
అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట వైపు, నల్లరేగడి. 70 సెంట్లలో కరివేపాకు, పక్కనే 30 సెంట్లలో పుదీనా. గట్ల వెంట ఖాళీ ఉన్నచోట కొత్తిమీర చల్లుతుంటాను. నీళ్ళు బోరువే, డ్రిప్పు పెట్టాను.

కరివేపాకు కోసిన తర్వాత వచ్చే కొత్త చిగురు పసుపు దాటి తెల్లగా వస్తోంది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. పుదీనా కూడా మడిలో అక్కడక్కడా పాలిపోయింది. షాపులో అడిగితే "అన్నీ కలిసిన మందు" అని ఒక సీసా ఇచ్చారు. కొట్టాను, పెద్ద తేడా ఏమీ రాలేదు. దీనికి తోడు ఆకు కొనే ఆయన "ఈ మధ్య నీ ఆకుకి వాసన తగ్గింది" అంటున్నాడు. అది నిజమో, రేటు తగ్గించడానికి అంటున్నాడో తెలియదు.

జింకు కొట్టాలా, ఇనుమా, బోరానా? ఇవి కొడితే వాసన పెరుగుతుందని వీడియోల్లో చెబుతున్నారు, నిజమేనా? ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి చేయాలి, టెన్షన్‌గా ఉంది.

కొత్తిమీరకట్ట:
అన్నా, ఫొటో పెట్టలేదు కాబట్టి ఒకటి అడుగుతాను. పసుపు మొదలైంది లేత ఆకులోనా, ముదురు ఆకులోనా? సగం జవాబు అక్కడే ఉంటుంది. ఇంకోటి, డ్రిప్పు రంధ్రాల దగ్గర తెల్లటి పొర కడుతోందా?

బోరునీళ్ళు:
లేత ఆకులోనే తమ్ముడూ. కింద ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. తెల్ల పొర అంటావా, నెలకోసారి డ్రిప్పర్లు విప్పి పిన్నుతో పొడవాల్సిందే. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున కూడా సున్నం పేరుకుంటుంది.

మట్టిపరీక్ష:
నేను కొన్నేళ్ళు భూసార పరీక్ష ల్యాబ్‌లో పనిచేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ముందుగా అనుమానించాల్సింది ఇనుప ధాతు లోపం. ఇనుము మొక్కలో ఒకసారి ఒక ఆకులో చేరితే అక్కడినుంచి కదలదు. అందుకే పాత ఆకు పచ్చగా ఉండి కొత్త ఆకు ఆకలితో పుడుతుంది. మెగ్నీషియం, నత్రజని అలా కాదు. కరువొస్తే మొక్క వాటిని ముసలాకు నుంచి లాగి చిగురుకిస్తుంది, కాబట్టి పసుపు కింది నుంచి మొదలవుతుంది. గంధకం లోపిస్తే కూడా లేత ఆకే పాలిపోతుంది. అయితే అప్పుడు ఈనెతో సహా ఆకంతా ఒకే రంగులో ఉంటుంది. జింకు లోపంలో ఆకు చిన్నదైపోతుంది, కణుపులు దగ్గరపడి చివర గుత్తిలా తయారవుతుంది.

మీ నేలలో ఇనుము లేదని కాదు. సగటున వంద కిలోల మట్టిలో మూడు నాలుగు కిలోల ఇనుము ఉంటుంది, అది ఎన్ని తరాల పంటకైనా సరిపోతుంది. కాకపోతే సున్నం ఎక్కువున్న నేలలో అది తుప్పుగా మారి కరగకుండా కూర్చుంటుంది. లెక్క ప్రకారం పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత) ఒక పాయింటు పెరిగితే నీటిలో కరిగే ఇనుము వెయ్యో వంతుకి పడిపోతుంది. జింకైతే వందో వంతుకి. మీ బోరు నీళ్ళలో ఉన్న బైకార్బొనేటు దీనికి తోడు. తడి పెట్టిన ప్రతిసారీ మీరు సున్నం పోస్తున్నట్టే.

కాబట్టి సీసాలు కొనడం ఆపి ముందు మట్టి, నీళ్ళు రెండూ పరీక్ష చేయించండి. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015లో మొదలైనప్పటి నుంచి అందులో 12 అంశాలు చూస్తున్నారు. జింకు, ఇనుము, మాంగనీసు, రాగి, బోరాన్ అందులోనే వస్తాయి. మట్టి తీసేటప్పుడు రేకు బకెట్ వాడకండి. దాని మీద ఉండేది జింకు పూత, రిపోర్టులో జింకు లేనిపోనిది కనిపిస్తుంది. ప్లాస్టిక్ బకెట్, చెక్క లేదా స్టీలు గరిటె వాడండి. 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి అంచు వెంట పలుచగా చెక్కు తీయండి. డ్రిప్పర్ కింద, ఎరువు వేసినచోట, గట్టు పక్కన తీయవద్దు.

జీవామృతం_జిందాబాద్:
ల్యాబులు, సీసాలు ఇవన్నీ ఎందుకండీ? మా అమ్మమ్మ కరివేపాకు చెట్టుకి పుల్ల మజ్జిగ పోసేది, ఆకు నల్లగా నిగనిగలాడేది. నేను జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టింది), పుల్ల మజ్జిగతోనే అర ఎకరం చేస్తున్నాను. రసాయనం కొడితే వాసన పోతుంది, ఇది నా అనుభవం.

కొత్తిమీరకట్ట:
ఇనుము కోసం కొట్టే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కూడా రసాయనమే, మజ్జిగలో ఉండే లాక్టిక్ ఆమ్లం కూడా రసాయనమే అన్నా :) మొక్క వేరుకి ఆ తేడా తెలియదు.

మట్టిపరీక్ష:
మజ్జిగని తీసిపారేయనక్కర్లేదు. పెరటి చెట్టు పాదులో పులుపు పడితే వేరు చుట్టూ ఉన్న కొద్ది మట్టిలో పీహెచ్ కొంతసేపు తగ్గుతుంది, ఇనుము కాస్త కరుగుతుంది. పశువుల ఎరువు, వర్మికంపోస్టు కుళ్ళినప్పుడు వచ్చే ఆమ్లాలు కూడా ఇనుముని, జింకుని పట్టుకుని కరిగే రూపంలో ఉంచుతాయి. ఖరీదైన చీలేటెడ్ మందు చేసే పని కూడా అదే. మీ అమ్మమ్మగారి చెట్టు బాగుండటంలో ఆశ్చర్యం లేదు. కానీ 70 సెంట్ల సున్నపు నేలని మజ్జిగతో మార్చాలంటే ఎన్ని బర్రెలు కావాలో ఆలోచించండి.

డాలస్_బాల్కనీ:
కుండీలో పెంచేవాళ్ళకి కూడా ఇదే గోల. మా ఇంట్లో రెండు కరివేపాకు కుండీలు ఉన్నాయి. ఇక్కడ కుళాయి నీళ్ళు క్షారగుణంవి, మొదటి ఏడాది బాగుండి రెండో ఏడాది చిగురు తెల్లబడింది. ఎవరో చెబితే తుప్పు మేకులు గుచ్చాను, ఏమీ కాలేదు. ఇక్కడ మొక్క పోతే ఇంకోటి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. నిమ్మజాతికి తెగులు మోసే సిల్లా పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో ఈ మొక్కల రవాణాకి క్వారంటైన్ ఆంక్షలున్నాయి. అందుకే మా దగ్గర కరివేపాకు కుండీ అంటే ఇంట్లో మనిషితో సమానం.

చలికాలంలో ఇంట్లోకి తెచ్చినప్పుడు కూడా పసుపు వస్తోంది. అప్పుడు కూడా ఇనుము ఇవ్వాలా?

మట్టిపరీక్ష:
తుప్పు అంటేనే కరగని ఇనుము. మీ కుండీలో లేనిది కరిగే ఇనుము. మేకు గుచ్చితే ఏమొస్తుంది?

చలికాలంలో ఇవ్వకండి. మట్టి చల్లబడితే వేరు పనిచేయదు, కరివేపాకు దాదాపు నిద్రపోతుంది, ఆకు రాల్చడం కూడా మామూలే. అప్పుడు ఎరువు వేసి, నీళ్ళు ఎక్కువ పోస్తే వేరు కుళ్ళి అసలుకే మోసం వస్తుంది. కిటికీ దగ్గర పెట్టి, మట్టి పైన ఆరాక మాత్రమే నీళ్ళివ్వండి. వసంతంలో చిగురు వేయడం మొదలైనప్పుడు ఇనుము ఇవ్వండి. అక్కడ ఈడీడీహెచ్ఏ రకం ఇనుము దొరుకుతుంది. ముదురు ఎరుపులో ఉంటుంది, నీళ్ళలో కలిపితే ద్రాక్షరసం రంగు వస్తుంది. మీ నీళ్ళకి అదే సరైనది.

నూనెబట్టీ:
అనంతపురం నుంచి. నేను నిమ్మగడ్డి, పామారోజా గడ్డి వేసి నూనె తీస్తాను. ఆకు అమ్మే రైతుకి వాసన అనేది మాట మాత్రమే, మాకు అది తూకంలో తేలుతుంది. అందుకే ఈ "వాసన పెరుగుతుంది" అన్న వీడియోల గురించి రెండు మాటలు చెప్పాలి.

నూనెలో రెండు లెక్కలుంటాయి. గడ్డిలో నూనె ఎంత శాతం ఉంది అనేది ఒకటి. ఎకరానికి మొత్తం ఎంత నూనె వచ్చింది అనేది రెండోది. పచ్చి గడ్డిలో నూనె శాతం మామూలుగా ఒకటి లోపే ఉంటుంది, అది ఎక్కువగా రకం మీద, కోత వయసు మీద, ఎండ మీద ఆధారపడుతుంది. జింకు, ఇనుము లోపం ఉన్న చేను చెక్కలో ఆ లోపం తీరిస్తే గడ్డి దుబ్బు కడుతుంది, ఆకు పెరుగుతుంది, దాంతో ఎకరానికి నూనె పెరుగుతుంది. శాతం మాత్రం పెద్దగా కదలదు. లోపమే లేని చెక్కలో కొడితే నాకైతే ఖర్చు తప్ప ఏమీ కనిపించలేదు.

యూరియా సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎక్కువ వేస్తే గడ్డి ఏపుగా, నీరు పట్టినట్టు పెరుగుతుంది. కోత చూడ్డానికి బ్రహ్మాండం, బట్టీలో వేస్తే ఆ బరువుకి తగ్గ నూనె రాదు. బోరునీళ్ళు గారూ, మీ ఆకు కొనే ఆయన చెప్పింది నిజమే అయితే ముందు యూరియా ఎంత వేస్తున్నారో చూసుకోండి.

బోరునీళ్ళు:
కోసిన ప్రతిసారీ యూరియా వేస్తాను, నిజమే. డీఏపీ కూడా ఏడాదికి రెండు మూడు సార్లు వేస్తాను. మరి అది వేయకపోతే చిగురు త్వరగా రాదు కదండీ.

నల్లరేగడి_పిల్ల:
నేను బీఎస్సీ అగ్రికల్చర్ చదువుతున్నాను, పరీక్షకి చదివింది ఇక్కడ పనికొచ్చేలా ఉంది కాబట్టి రాస్తున్నాను, తప్పుంటే మట్టిపరీక్ష గారు దిద్దండి.

పుదీనా ఆకుని వెలుతురికి ఎత్తి భూతద్దంలో చూస్తే సన్నటి మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. ఆకుని నలిపినప్పుడు అవి పగిలి వాసన వస్తుంది. ఆ నూనెలోని పదార్థాలు టర్పీన్లు. మన పచ్చడి పుదీనాలో ఎక్కువగా కార్వోన్, మందుల్లోకి వాడే జపాన్ పుదీనాలో మెంథాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. మొక్క వీటిని తయారుచేసే దారిలో రెండు ఎంజైములు ఇనుము, గంధకం కలిసిన ముడి లేకపోతే పనిచేయవు. చివర్లో టర్పీన్లని తయారుచేసే ఎంజైములకి మెగ్నీషియమో మాంగనీసో తోడుండాలి. జింకు సంగతి వేరు. అది ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని వాడుకోవడానికి, ఎదుగుదల హార్మోను ఆక్సిన్ తయారీకి కావాలి. అందుకే జింకు లేకపోతే కణుపు సాగదు.

అంటే లోపం ఉంటే వాసన కూడా దెబ్బతినే అవకాశం ఉంది. కానీ అవసరానికి మించి ఇస్తే ఎంజైము రెండింతలు పనిచేయదు. నూనెబట్టీ గారు చెప్పింది దీనికి సరిపోయింది అనిపిస్తోంది.

మట్టిపరీక్ష:
దిద్దడానికేమీ లేదమ్మా, బాగా రాశావు. ఒక్కటి కలుపుతాను. కొత్తిమీర ఆకు వాసన టర్పీన్లది కాదు, ఎక్కువగా ఆల్డిహైడ్లది. ధనియాల వాసన లినలూల్‌ది. ఒకే మొక్కలో ఆకుకి, గింజకి రెండు వేర్వేరు వాసనలు అందుకే. ఎండ ముదిరి కొత్తిమీర పూతకి వచ్చిందంటే ఆకు వాసన మారిపోతుంది, దాన్ని ఏ జింకూ ఆపలేదు.

కొత్తిమీరకట్ట:
వాసన మాటకొస్తే కరివేపాకులో రకమే రాజు. కాడ ఎరుపు తిరిగి ఉండే రకానికీ, తెల్లకాడ రకానికీ మధ్య తేడా గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. అన్నా, మీది ఏ రకం?

బోరునీళ్ళు:
కాడ ఎరుపే. మొక్కలు కడియం నుంచి తెచ్చాను.

మట్టి, నీళ్ళ రిపోర్టు వచ్చింది. పీహెచ్ 8.4, లవణాలు పర్వాలేదు, సేంద్రియ కర్బనం 0.41 శాతం. భాస్వరం "ఎక్కువ" అని ఉంది. జింకు 0.48, ఇనుము 3.2, మాంగనీసు 5.1, రాగి 1.2, బోరాన్ 0.9 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు అని). నీళ్ళలో బైకార్బొనేటు ఎక్కువ అని ఎర్ర సిరాతో గుండ్రం చుట్టారు.

మట్టిపరీక్ష:
ఇప్పుడు చీకట్లో బాణం వేయనక్కర్లేదు. మామూలుగా జింకుకి 0.6, ఇనుముకి 4.5 పీపీఎం గీత అనుకుంటారు. రెండూ గీత కింద ఉన్నాయి. మాంగనీసు, రాగి సరిపడా ఉన్నాయి. బోరాన్‌కి గీత 0.5, మీకు దానికి పైనే ఉంది, కాబట్టి బోరాన్ జోలికి వెళ్ళకండి. బోరాన్ విషయంలో చాలడానికీ, విషం కావడానికీ మధ్య సందు చాలా ఇరుకు. ఆకు కొసలు, అంచులు మాడటం మొదలైతే వెనక్కి తీసుకోలేం. మీ షాపు సీసాలో అది కూడా ఉండి ఉంటుంది.

భాస్వరం ఎక్కువ అన్నది అసలు కీలకం. డీఏపీలో ఎక్కువగా ఉండేది భాస్వరమే, ఏళ్ళ తరబడి వేయడంతో అది నేలలో నిల్వ పడింది. భాస్వరం మితిమీరితే మొక్క జింకుని సరిగా వాడుకోలేదు. ఒక రెండేళ్ళు డీఏపీ పూర్తిగా ఆపండి, ఏమీ కాదు. కావాలంటే భాస్వరాన్ని కరిగించే జీవన ఎరువుని పశువుల ఎరువులో కలిపి వేయండి. ఉన్న నిల్వే మొక్కకి అందుతుంది.

జింకు సల్ఫేట్ ఎకరానికి 20 కిలోల లెక్కన ఒకసారి నేలలో వేస్తే రెండు మూడు పంటల దాకా చూడనక్కర్లేదు. 21 శాతం జింకు ఉన్న మామూలు రకానికి ఈ లెక్క, 33 శాతం రకమైతే తగ్గించుకోవాలి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటివాటితో ఒకే బుట్టలో కలపవద్దు. కలిపితే గడ్డకట్టి రెండూ పనికిరావు.

ఇనుముని మాత్రం ఈ నేలలో వేయవద్దు. అన్నభేది బస్తా బస్తా పోసినా వారం తిరక్కుండా తుప్పైపోతుంది. ఆకు మీదే కొట్టాలి.

పాతకాపు:
అన్నభేది ఎలా కలపాలో కూడా చెప్పండయ్యా, సగం మంది అక్కడే పాడుచేస్తారు. మా పక్క చేను ఆయన గోధుమరంగు పొడి తెచ్చి, మిట్టమధ్యాహ్నం, అదే ట్యాంకులో పురుగుమందు కలిపి కొట్టాడు. మర్నాటికి ఆకు మీద నల్లమచ్చలు. అంతా కలిసి "అన్నభేది మంచిది కాదు" అని తేల్చేశారు.

కొత్తిమీరకట్ట:
పాతకాపు బాబాయ్ చెప్పింది అక్షరాలా నిజం. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి, పటికబెల్లం పలుకుల్లాగా. పైన గోధుమరంగు పొడి కనిపిస్తే అది గాలికి పాడైనట్టే, వెనక్కి ఇచ్చేయండి.

మా పద్ధతి ఇది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు తీసుకుని ముందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలపాలి, లీటరుకి 1 గ్రాము. అది పూర్తిగా కరిగాక అన్నభేది, లీటరుకి 5 గ్రాములు. వరుస తారుమారైతే మీలాంటి సున్నపు నీళ్ళలో కళ్ళ ముందే బురదరంగు వచ్చేస్తుంది. సరిగా కలిస్తే ద్రావణం లేతగా, తేటగా ఉంటుంది. 15 లీటర్ల ట్యాంకుకి 75 గ్రాముల అన్నభేది, 15 గ్రాముల నిమ్మ ఉప్పు. ఎకరానికి 200 లీటర్లు కొడితే కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు అవుతుంది. కలిపింది అప్పటికప్పుడే కొట్టేయాలి, రేపటికి దాచవద్దు. సాయంత్రం ఎండ వాలాక, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. వారం, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు.

కోసిన వెంటనే కొడితే ఆకే ఉండదు కాబట్టి దండగ. కొత్త చిగురు నాలుగు వేళ్ళు వచ్చాక మొదలుపెట్టండి. కోతకి దగ్గరపడ్డాక కొట్టవద్దు, కట్టలో మచ్చలు కనిపిస్తే మార్కెట్లో పక్కన పడేస్తారు. చొక్కా పాతది వేసుకోండి, ఆ మరక పోదు. డాబా మీద కొట్టేవాళ్ళు టైల్స్ జాగ్రత్త!

బోరునీళ్ళు:
జింకు కూడా ఇందులోనే కలిపేయొచ్చా? చీలేటెడ్ ఇనుము మంచిదని షాపాయన అంటున్నాడు, రేటు మాత్రం చుక్కల్లో ఉంది.

మట్టిపరీక్ష:
జింకు విడిగా కొట్టండి, లీటరుకి 2 గ్రాములు, మధ్యలో నాలుగైదు రోజులు ఆగి. నేలలో వేస్తున్నారు కాబట్టి పైన ఒక్కసారి చాలు.

చీలేటెడ్ అంటే అన్నీ ఒకటి కాదు. ఈడీటీఏ ఇనుము 12 శాతం ఉంటుంది, ఆకు మీద కొట్టడానికి బాగుంటుంది, అన్నభేది కంటే మాడ్చే భయం తక్కువ. కానీ దాన్ని 8.4 పీహెచ్ నేలలో డ్రిప్పు ద్వారా వదిలితే సున్నం ఆ పట్టు విడిపిస్తుంది, ఇనుము మళ్ళీ తుప్పే. అంత పీహెచ్‌లో నిలబడేది ఈడీడీహెచ్ఏ లాంటిదే, ఇనుము 6 శాతమే ఉంటుంది, ఖరీదు ఎక్కువ. డాలస్ వాళ్ళ రెండు కుండీలకి అది సరే. ఎకరాలకి లెక్క కుదరదు. ప్యాకెట్ మీద ఏ రకమో రాసి లేకుండా "చీలేటెడ్" అని మాత్రమే ఉంటే కొనకండి.

జీవామృతం_జిందాబాద్:
సరే, ఇంత చెప్పారు కాబట్టి నేనూ ఒకటి అడుగుతాను. ఎన్నాళ్ళని పైన కొడుతూ ఉంటారు? ప్రతి కోతకీ కొట్టాలంటే అది వైద్యమా, వ్యసనమా?

మట్టిపరీక్ష:
న్యాయమైన ప్రశ్న. పైన కొట్టేది పూటకూళ్ళ భోజనం లాంటిదే, ఆ పూటకే. ఇనుము కదలదు కాబట్టి తర్వాత పుట్టే ఆకుకి మళ్ళీ లోపమే. శాశ్వతంగా సున్నపు నేలని మార్చలేం, కానీ తీవ్రత తగ్గించవచ్చు. సేంద్రియ కర్బనం 0.41 అంటే చాలా తక్కువ. ఇక్కడ మీ దారే సరైనది, చివికిన పశువుల ఎరువు, పచ్చిరొట్ట, కోసిన రెమ్మలు వరుసల మధ్యే కప్పడం. తడి కూడా తగ్గించాలి. నల్లరేగడిలో నీళ్ళు నిలిచి గాలి ఆడకపోతే బైకార్బొనేటు ఇంకా పెరుగుతుంది. వాన ముసురు తర్వాత చిగురు ఒక్కసారిగా తెల్లబడటం చూసే ఉంటారు.

మిద్దెతోట_సికింద్రాబాద్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మిద్దె మీద మరువం, దవనం, తులసి, రెండు రకాల పుదీనా ఉన్నాయి. మా గ్రూపులో ఏ ఆకు పసుపైనా ఎప్సమ్ సాల్ట్ అంటారు. నేనూ వేస్తున్నా, కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి లేదు. ఎందుకట్ల?

కొత్తిమీరకట్ట:
అక్కా, ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం సూక్ష్మపోషకం కూడా కాదు, రెండో వరసది. ముదురు ఆకు ఈనెల మధ్య పసుపైతే పనిచేస్తుంది. చిగురు పసుపైతే దానికి సంబంధం లేదు, ఇనుము చూడాలి. మరువం, దవనం నీళ్ళు నిలిస్తే ఒప్పుకోవు, వాటికి పసుపొస్తే ముందు కుండీ అడుగు రంధ్రం చూడండి. ఇల్లు కట్టినప్పటి సిమెంటు, సున్నం పెళ్ళలు కలిసిన మట్టి నింపారేమో కూడా చూడండి. అనుమానముంటే చెంచాడు ఎండు మట్టి మీద వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి, బుసబుసమంటే సున్నం ఉన్నట్టే.

మిద్దెతోట_సికింద్రాబాద్:
బుసబుసమంది :( పుదీనా కుండీలో. దవనంలో లేదు.

నూనెబట్టీ:
దవనం వాసన కావాలంటే ఎండ తగలనివ్వండి, తిండి తగ్గించండి. మొగ్గ విచ్చే వేళకి దాని వాసనే వేరు.

బోరునీళ్ళు:
కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, పనుల వేళ.

డీఏపీ ఆపేశాను, యూరియా సగానికి తగ్గించి పశువుల ఎరువు తోలించాను. జింకు నేలలో వేశాను. అన్నభేది, నిమ్మ ఉప్పు మీరు చెప్పిన వరుసలోనే కొట్టాను. రెండు వరుసలు మాత్రం కొట్టకుండా వదిలేశాను, తేడా తెలుస్తుందని. తేడా రోడ్డు మీద నుంచే కనిపిస్తోంది. వదిలేసిన వరుసలు ఇంకా తెల్లగానే ఉన్నాయి, కొట్టినవి ముదురు ఆకుపచ్చ. ఆకు వెడల్పు కూడా వచ్చింది. మొదటిసారి ఒక ఆకు మీద చుక్క పడినచోట మాత్రమే పచ్చబడి, మిగతాది పసుపుగా ఉండిపోయింది, చూస్తే పొడలు పొడలుగా నవ్వొచ్చింది. రెండోసారి ఆకు అడుగు కూడా తడిపాక సరిపోయింది.

వాసన సంగతి, కొనే ఆయనకి రెండు రకాల వరుసల ఆకూ విడివిడిగా ఇచ్చి ఏది ఏదో చెప్పకుండా నలిపి చూడమన్నాను. తేడా చెప్పలేకపోయాడు. రేటు మాత్రం పచ్చటి ఆకుకే ఎక్కువ ఇచ్చాడు!

పుదీనా మాత్రం మారలేదు. అదే మందు, అదే రోజు. మడిలో అక్కడక్కడా గుంపులుగా పాలిపోయి, ఎదగకుండా ఉంది. ఇంకేం తక్కువైంది?

పాతకాపు:
గుంపులు గుంపులుగానా? ఒక మొక్కని మట్టితో సహా తవ్వి నీళ్ళలో కడిగి వేరు చూడు. పీకితే సన్న వేరు తెగిపోయి కనబడదు. మధ్యాహ్నం వాడి సాయంత్రం తేరుకుంటోందా అది కూడా చూడు.

బోరునీళ్ళు:
వాడుతోంది బాబాయ్. వేళ్ళ నిండా సన్నటి బుడిపెలు ఉన్నాయి, ఆవగింజంత. మంచిగా ఉన్నచోట తవ్వితే లేవు.

మట్టిపరీక్ష:
అవి నులిపురుగులు (నెమటోడ్లు) చేసిన బుడిపెలు. వేరే పనిచేయనప్పుడు మీరు ఏ ధాతువు ఇచ్చినా ఆకు అలాగే ఉంటుంది. పుదీనాకి వేరు బుడిపె నులిపురుగు పాత శత్రువు. పైనుంచి చూస్తే అచ్చం పోషక లోపం లాగే కనిపిస్తుంది. ఆ మడికి మందులు కొట్టడం ఆపండి. ఆ మడిలో తవ్విన పార కడగకుండా కరివేపాకులోకి తేవద్దు.

పాతకాపు:
పుదీనా తీసేసి వేసవిలో లోతుగా దున్ని ఎండబెట్టు. తర్వాత బంతి వెయ్యి, వేప పిండి తోలు. టమాటా, వంగ, బెండ మాత్రం ఆ చెక్కలో వేయకు, అవన్నీ ఆ పురుగుకి విందు. పూలు దసరాకి అందేలా చూసుకుంటే చెక్క ఖాళీగా ఉందన్న బాధ కూడా ఉండదు.

బోరునీళ్ళు:
బంతి వేస్తాను. మళ్ళీ పుదీనా పెట్టాలంటే తీగ ఎక్కడ తెచ్చుకోవాలి? పాత మడిలో బాగున్న వైపు నుంచి పీకి పెట్టొచ్చా?

కొత్తిమీరకట్ట:
వేరుతో ఉన్న తీగ వద్దన్నా, పైకి బాగున్నా వేరులో ఉండొచ్చు. నేలకి తగలని కొమ్మ చివర్లు జానెడు కత్తిరించి, కింది ఆకులు తీసేసి, కోకోపీట్ నింపిన ట్రేలో గుచ్చండి. నీడలో పెడితే రెండు వారాల్లోపే వేరు పట్టేస్తుంది. నీళ్ళు బోరువి కాకుండా వాన నీళ్ళు పట్టి పోస్తే ఇంకా మంచిది. మా దగ్గర ట్రేలు ఖాళీగా ఉన్నాయి, కావాలంటే మెసేజ్ పెట్టండి.